బొమ్మకు తొడిగిన చొక్కా

ఆ చొక్కాను కుర్చీలోంచి ఎవరూ తియ్యలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సునీల తెచ్చి అక్కడ పడేసింది. ఇవాళ ఆదివారం. రెండు రోజులుగా తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ కుర్చీని తప్పుకుని నడుస్తున్నారు. తీసి దండెం మీద వెయ్యడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు.

కనకరత్నం ఉప్మా ప్లేటు తెచ్చి కూతురి ముందు పెట్టింది. నిన్నటి ఇడ్లీలు సాయంత్రానికి వీధిలో ఆవు తినేసింది. ఉప్మాకీ అదే గతి పడుతుందని తెలిసినా జీడిపప్పు దండిగా వేసి మరీ చేసింది. పిల్లకి అలా అయితేనే ఇష్టం.

"తినవే. ఖాళీ కడుపుతో ఎంతసేపు కూర్చుంటావు?"

సునీల ప్లేటు వంక చూడలేదు.

"నాన్నకి ఆ రోజు దవడ నొప్పి వచ్చిందా, లేదా?"

"ఎన్నిసార్లు అడుగుతావే అదే మాట?"

"నువ్వు చెప్పేదాకా."

"చెప్పాగా. గుండెలో పట్టేసిందన్నారు. గ్యాసేమో అనుకుని సోడా తాగించాను. ఆలస్యం అయిపోయింది. అంతే."

"మరి ఆ కేసులో దవడ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అది కాలేజీ వాళ్ళు రాసుకున్న కేసు. నేను రాశానా ఏంటి?"

"ఆ మాటలన్నీ నీవేనంట. ఏంజెల్ చెప్పింది. పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే నేర్పావంట. 'లవంగం పెట్టానండి, తగ్గుతుందనుకున్నానండి' అని దాని చేత పదిసార్లు అనిపించావంట."

కనకరత్నం వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ పనేమీ లేదు. ఆరిపోయిన స్టవ్వును మళ్ళీ తుడిచింది.

సునీల దంత వైద్యం చదువు ముగించి హౌస్ సర్జన్‌గా చేరి నెల కూడా కాలేదు. తెనాలి దాటాక కాలవ పక్కనే ఉంది వాళ్ళ కాలేజీ. కొత్తగా చేరిన వాళ్ళను అక్కడ తిన్నగా పేషెంట్ల దగ్గరికి పంపరు. ముందు సిమ్యులేషన్ ల్యాబ్‌లో నెగ్గాలి. బల్లలకు బిగించిన రబ్బరు మొహాలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటి ప్లాస్టిక్ పళ్ళను తొలిచి, పూడ్చి, పీకి చేతికి అలవాటు చేసుకోవాలి. ఆ వరస దాటాక చివరి గదిలో నిలువెత్తు మగ బొమ్మ ఒకటి పడుకుని ఉంటుంది. స్విచ్ వేస్తే దాని ఛాతీ లేచి పడుతుంది. అద్దం వెనక కూర్చుని పూర్ణచంద్ర సార్ మైకులో మూలిగితే, ఆ మూలుగు బొమ్మ గొంతులోంచి వస్తుంది. పేషెంటు భార్యలాగా పక్కన ఒక మనిషి నిలబడి, అడిగినవాటికి జవాబులు చెబుతుంది.

రెండేళ్ళుగా కనకరత్నం చేస్తున్న ఉద్యోగం అదే.

ఏ కేసు ఏమిటో బయట పొక్కనివ్వనని అక్కడ సంతకం పెట్టాలి. కడుపున పుట్టిన పిల్లకైనా చెప్పకూడదు. మిగతావాళ్ళు ఆ షరతు చూసి విసుక్కున్నారు గానీ కనకరత్నం మాత్రం సంతోషంగా సంతకం పెట్టింది. కూతురి బ్యాచి పరీక్ష రోజున సెలవు పెట్టి, తన బదులు ఏంజెల్ అనే అమ్మాయికి మాటలన్నీ నేర్పి పంపింది. అంత ముందుచూపున్న మనిషి ఒక్క సంగతి మర్చిపోయింది. బొమ్మ ఒంటి మీద చొక్కా అలాగే వదిలేసింది.

ఆ చొక్కా ఆమె భర్తది. బొమ్మకు తొడగడానికి పాత చొక్కా ఏదైనా తెమ్మని సార్ అడిగితే ఆమే తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు కాటా వేసేవాడు. కుడి చేతి అంచున పసుపు మరక ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు. జేబు లోపల ఇంకో చిన్న జేబు ఉంది. చీటీలు చెమటకి తడవకుండా పక్కింటి టైలర్ జిలానీ కుట్టిపెట్టాడు. దవడ నొప్పన్న బొమ్మకి గుండె ఆగి, ఛాతీ మీద నొక్కడానికి బొత్తాలు విప్పినప్పుడు, సునీల వేళ్ళకి తగిలింది ఆ లోపలి జేబే.

తర్వాత జరిగింది ఏంజెల్ ఫోన్లో చెప్పింది. "సార్ మైకులో మూలుగుతానే ఉన్నారాంటీ. మేడమ్ ఏమో నొక్కడం ఆపేసింది. చొక్కా విప్పేసి, మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు బొమ్మ మొహం మీద చెయ్యేసి 'నాన్నా' అందాంటీ. నాకు ఒళ్ళంతా జలదరించింది."

వింటున్న కనకరత్నానికీ జలదరించింది. ఎందుకంటే రోజూ పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఆ బొమ్మ మొహం మీద ఆమె కూడా అలాగే చెయ్యి వేస్తుంది.

*

పది గంటలకి బాపట్ల నుంచి మాధవీలత దిగింది. సునీలకి మేనత్త, పోయినాయనకి అక్క. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైంది. బెత్తం ఎప్పుడో స్కూల్లో వదిలేసినా గొంతులో ఇంకా ఉంది.

"నువ్వు పిలిచావా?" అంది కనకరత్నం కూతురితో.

"నేనే పిలిచాను. నువ్వు నాకు చెప్పకపోతే అత్తకైనా చెబుతావేమోనని."

మాధవీలత ఆ మాటలు వినిపించుకోలేదు. చెప్పులు విడిచి నేరుగా కుర్చీ దగ్గరికి నడిచింది. రెండు రోజులుగా ఎవరూ ముట్టని చొక్కాను రెండు చేతులా తీసి మొహానికి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"మా వీరబాబు వాసన రావట్లేదు," అంది చివరికి. "రబ్బరు వాసన వస్తంది."

చొక్కా కిందికి దించి మరదలి వైపు తిరిగింది.

"వాడి బట్టలన్నీ కాలవలో వదిలేశానన్నావు కదా కనకరత్నం."

"ఇదొక్కటి ఉంచుకున్నాను వదినా."

"ఉంచుకుంటే పెట్టెలో పెట్టుకోవాలి. దీపం దగ్గర పెట్టుకోవాలి. తీసుకెళ్ళి బొమ్మకి తొడుగుతావా? రోజూ వాణ్ణి చంపి, రోజూ పక్కన నిలబడి ఏడవడానికి జీతం తీసుకుంటన్నావా నువ్వు?"

కనకరత్నం ఎన్నో మాటలు పడింది ఈ ఆడపడుచు చేత. సోడా తాగించి కూర్చున్నావన్న మాట పెద్దకర్మ రోజున, భోజనాల బంతిలో, అందరూ వింటుండగా పడింది. అప్పుడు తల వంచుకుంది. ఇప్పుడెందుకో తల వంగలేదు.

"రోజూ చావరు వదినా," అంది నెమ్మదిగా. "పిల్లలు తొందరగా పట్టుకుంటే బతుకుతారు. సార్ మీట నొక్కితే కళ్ళు తెరుస్తారు. పోయిన నెలలో నాలుగుసార్లు తెరిచారు. ఆ నాలుగుసార్లు చూట్టానికే వెళ్తన్నాను నేను."

మాధవీలత చొక్కాను ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

సునీల మాత్రం లేచి నిలబడింది.

"అంటే అది నాన్నే."

కనకరత్నం నాలుగేళ్ళుగా పట్టి ఉంచిన నోరు, ఒక్క ఘడియ జాలికి జారింది.

"విన్నావుగా అత్తా. బతుకుతారంట. కళ్ళు తెరుస్తారంట. అది కాలేజీ వాళ్ళ కేసు కాదు, మా నాన్న కేసు. ఇప్పుడు చెప్పమ్మా. దవడ నొప్పే కదా?"

"...అవును."

"ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున్నే. ఎడం దవడ లాగుతుందన్నారు. పన్నేమో అనుకున్నాం."

"పొద్దున నొప్పొస్తే వాడు సాయంత్రం ఆరింటికి పోయాడు," మాధవీలత తలెత్తింది. "అప్పటిదాకా ఏం చేశావు? సోడా అని మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టావా?"

"లవంగం పెట్టాను వదినా. పడుకుంటే తగ్గుతుందన్నారు. పడుకున్నారు."

"లవంగం పెట్టమని ఎవరు చెప్పారు?"

"నాకే తోచింది."

"నీకే తోచిందా?" సునీల ఇంకో అడుగు ముందుకేసింది. "నాకు పన్ను నొప్పొస్తే ఉప్పు నీళ్ళు పుక్కిలించమనేదానివి. జామాకు నమలమనేదానివి. లవంగం మనింట్లో ఎప్పుడుందమ్మా? పలావులోకైనా వాడవు, నీకు పడదని. ఉన్నట్టుండి ఆ రోజు నీకు లవంగం తోచిందా?"

"తోచిందే. తోచకూడదా?"

"ఇంట్లో పళ్ళ డాక్టరు చదివే పిల్లని పెట్టుకుని! హాస్టల్లోనే ఉన్నాగా నేను. ఒక్క ఫోను. ఒక్క మాట నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా."

కనకరత్నం గోడకి ఆనుకుంది. ఒక్క మాట నన్నడిగితే. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు ఈ పిల్ల నోట వినాల్సి వస్తుందని నాలుగేళ్ళుగా భయపడుతూనే ఉంది.

తను అడిగింది కాబట్టి.

నాలుగేళ్ళ కిందట ఓ బుధవారం పొద్దున, పది కావస్తుండగా అడిగింది. ఆయన మంచం మీద కూర్చుని ఎడం దవడ రుద్దుకుంటూ, "దానికి పరీక్షలు. నాకని చెప్పకు, బెంగ పెట్టుకుంటది. ఎవరికో అని అడుగు," అన్నాడు. సరేనని స్పీకరు పెట్టి ఫోన్ చేసింది. పక్కింటి జిలానీ బాబాయికి దవడ లాగుతుందంటే, ఏం చెయ్యమంటావే, అని అడిగింది. మొదటి సంవత్సరం పిల్ల. ఎముకల పేర్లు బట్టీ పడుతోంది. ఇంటి దగ్గర్నుంచి ఒకరు తనని డాక్టరులాగా అడగడం అదే మొదలు. "పన్నే అయ్యుంటదమ్మా. లవంగం పెట్టుకోమను. పడుకోమను. నేను వచ్చినప్పుడు చూస్తాలే," అని గొప్పగా చెప్పింది.

ఆయన మొహం విచ్చుకుంది. "విన్నావా, మా డాక్టరమ్మ మొదటి మందు రాసింది," అన్నాడు. ఇంట్లో లవంగాలు లేకపోతే పక్కింటి హసీనాని అడిగి నాలుగు తెచ్చింది కనకరత్నం. మధ్యాహ్నానికి చెమటలు పట్టాయి. ఆసుపత్రికి వెళ్దాం లేవండి అంటే, "అమ్మాయి చెప్పిందిగా, పన్నే," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం కదిపితే కదల్లేదు. నలుగురూ వచ్చేలోపల ఆమె చేసిన మొదటి పని ఆయన బుగ్గలోంచి ఆ లవంగం తియ్యడం. తీసి కొంగున ముడి వేసుకుంది. ఆ తర్వాతే గట్టిగా ఏడ్చింది. ఎవరు అడిగినా సోడా అనే చెప్పింది.

సునీలకి ఇవేమీ తెలియవు. ఆ ఫోనూ నాన్న పోవడమూ ఒకే రోజైనా, అడిగింది బాబాయి పేరుతో కాబట్టి రెండిటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. జిలానీ బాబాయి తన మొదటి పేషెంటు అని స్నేహితులందరికీ చెప్పుకుంటుంది. కాలేజీలో చేరిన కొత్త పిల్లలకి చెబుతుంది. ఒకసారి బాబాయినే అడగబోతే, "అడక్కే, ఊరంతా చెప్పావని నామోషీ పడతాడు," అని కనకరత్నమే ఆపింది. ఆ కథ విన్న ప్రతిసారీ ఆమె నవ్వింది కూడా. తల్లులు ఎన్ని నవ్వులు నవ్వగలరో లెక్కల మేష్టారమ్మ మాధవీలతకైనా తెలియదు.

"మాట్లాడవేంటి?" అంది మాధవీలత.

"మాట్లాడ్డానికి ఏముంది వదినా. నా తప్పే."

"తప్పని ఎంత తేలిగ్గా అంటన్నావు."

"బరువుగా అంటే ఆయన వస్తారా?"

*

పూర్ణచంద్ర సార్ ఫోన్ చేసింది అప్పుడే. సునీల తన ఫోన్ కట్టేసి పెట్టింది కాబట్టి కనకరత్నానికి చేశాడు. ఆమె స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"కనకరత్నం గారూ, సునీల ఎలా ఉందండి?"

"ఇక్కడే ఉందండి. వింటంది."

"సునీలా, రేపు తొమ్మిదింటికి నీకు మళ్ళీ పరీక్ష పెట్టాను. కేసు మారుస్తాను, చొక్కా సంగతి నాకు తెలీదమ్మా, తెలిస్తే తొడగనిచ్చేవాణ్ణి కాదు. కానీ రేపు రాకపోతే నిన్ను పేషెంట్ల దగ్గరికి పంపలేను. ఆరు నెలలు ఆగాలి. తప్పు చేశానని కుంగిపోకు. తప్పులు చెయ్యడానికే ఆ గది కట్టుకున్నాం. బొమ్మ మీద ఎన్ని చేసినా పరవాలేదు."

"మనిషి మీద చేస్తేనో సార్?" అంది సునీల.



"అది జరక్కుండా ఉండటానికే కదమ్మా మీ అమ్మగారు అక్కడ నిలబడేది. ఆ లవంగం మాట నేను రాసింది కాదు. ఆవిడే పెట్టమన్నారు. ఇప్పటికి నాలుగు బ్యాచిలు ఆ మాట దగ్గర తడబడ్డాయి. ఒకసారి తడబడ్డవాళ్ళెవరూ దవడ నొప్పంటే గుండె సంగతి అడగడం జన్మలో మర్చిపోరు. రేపు రా."

ఫోన్ పెట్టేశాక కనకరత్నం ఉప్మా ప్లేటు కూతురి వైపు కొంచెం జరిపింది. ఈసారి సునీల స్పూను అందుకుంది. రేపు వెళ్తుందేమో అన్న ఆశ తల్లి మనసులో కాస్త మెదిలింది.

స్పూను మధ్యలో ఆగింది.

"అమ్మా. జిలానీ బాబాయికి కూడా అప్పుడు దవడే కదా?"

కనకరత్నం ప్లేటు ఇంకొంచెం జరిపింది.

"ఎప్పటి మాటే అది. తగ్గిపోయిందన్నాడుగా."

"నేనూ లవంగమనే చెప్పాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెమట పడుతుందా, చెయ్యి లాగుతుందా, ఏమీ అడగలేదు. ఆయనకీ అది గుండె నొప్పే అయ్యుంటే? అప్పటికి తప్పిపోయి, ఇప్పటికీ లోపల ఉంటే?"

"ఎవరే ఆయన?" అంది మాధవీలత.

"పక్కింటి బాబాయి. నా మొదటి పేషెంటత్తా. ఫోన్లో మందు చెప్పాను. ఇవాళ ఆదివారం, ఇంట్లోనే ఉంటాడు. చూసొస్తాను." బ్యాగులోంచి చిన్న పెట్టె తీసింది. నోట్లో పెట్టి చూసే అద్దం ఉంటుంది అందులో.

"ఇప్పుడెందుకే? వారమంతా రేపల్లె కొట్లో మిషను తొక్కి వస్తాడు. ఆదివారమన్నా పడుకోనీ."

"నిద్ర లేపితే ఏమీ కాదు."

"సాయంత్రం వెళ్దువుగాని. ముందు తిను."

"పొద్దున వచ్చినదాన్ని సాయంత్రం దాకా ఆపితే ఏమవుతుందో ఇంతకు ముందే గదా అనుకున్నాం?"

కనకరత్నం కూతురి చెయ్యి పట్టుకుంది. ఈ పిల్ల పెద్దదయ్యాక ఇంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. 

"వెళ్ళొద్దు సునీలా."

"ఎందుకు?"

ఎందుకో చెప్పే వీలుంటే నాలుగేళ్ళు ఎందుకు మోస్తుంది? 

సునీల తల్లి వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించుకుంది. "నువ్వు నాన్నకి చేసినట్టు నేను బాబాయికి చెయ్యలేనమ్మా," అని బయటికి నడిచింది.

*

రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. కనకరత్నం వంటింటి కిటికీలోంచి చూస్తే జిలానీ వాళ్ళ వాకిలి మొత్తం కనబడుతుంది. చూడకూడదనుకుంటూనే కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

జిలానీ ప్లాస్టిక్ కుర్చీలో, ఎండకి ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. సునీల వంగి, అద్దం తిప్పి తిప్పి చూస్తోంది. చేతులు ఎంత నిదానంగా ఉన్నాయో. ప్లాస్టిక్ పళ్ళ మీద నేర్చుకున్న నిదానం అది. ఆయన ఉంటే ఈ దృశ్యం చూసి ఊరంతా చెప్పుకునేవాడు. కనకరత్నానికి ఆ క్షణంలో కూడా గర్వంగానే అనిపించింది. అందుకు తన మీద తనకే ఏడుపొచ్చింది.

"ఏ పన్ను బాబాయ్, అప్పుడు నొప్పొచ్చింది?"

"నాకా? నాకెప్పుడొచ్చిందమ్మా నొప్పి?" జిలానీ నవ్వాడు. "దారం పళ్ళతోనే తెంపుతా ఇప్పటికీ. మా హసీనా తిడతానే ఉంటది."

"నాలుగేళ్ళ కిందట. ఎడం దవడ లాగుతుందన్నావంట. అమ్మ ఫోన్ చేసి అడిగింది. లవంగం పెట్టుకోమని చెప్పాను. బుధవారం. నాకు పరీక్షలప్పుడు."

"బుధవారం నేను ఇంటి దగ్గర ఎందుకుంటాను తల్లీ? సోమవారం పొద్దున రైలెక్కితే శనివారం దాకా రేపల్లెలోనే. ఇంకెవరి సంగతో అయ్యుంటది." లోపలికి తల తిప్పాడు. "హసీనా, నాకు పన్ను నొప్పని, లవంగాలని అంటంది అమ్మాయి. నీకేమన్నా గుర్తుందా?"

హసీనా చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. పాపం ఆమెకేం తెలుసు.

"లవంగాలు మీ అమ్మ పట్టుకెళ్ళింది కదమ్మా. నాలుగు కావాలంటే ఇచ్చాను. అన్నయ్య పోయిన రోజు పొద్దున. అందుకే నాకంత గుర్తు."

సునీల నిటారుగా నిలబడి, అద్దాన్ని దూదితో తుడిచింది. రెండోసారి కూడా తుడిచింది. పెట్టెలో పెట్టి మూత వేసింది. "నీ పళ్ళు బాగున్నాయి బాబాయ్," అని చెప్పి గేటు తీసుకుని వచ్చేసింది.

కనకరత్నం కిటికీ వదల్లేకపోయింది. వెనక అడుగుల చప్పుడు విని కూడా తిరిగి చూడలేకపోయింది. మొదటి గదిలోంచి మాధవీలత, "ఏమైందే, మొహం అలా పాలిపోయింది?" అంటోంది.

స్టూలు ఈడ్చిన చప్పుడైంది. పుస్తకం పేజీ తిప్పిన చప్పుడైంది.

"ఇలా వచ్చి కూర్చోండమ్మా."

కనకరత్నం తిరిగింది. సునీల ల్యాబ్ నోట్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఇంకో స్టూలు వేసింది. కళ్ళలో నీళ్ళు లేవు. ఏడ్చినా బాగుండేది. కొత్తగా వచ్చిన పేషెంటు తాలూకు మనిషిని చూసినట్టు, ఎంతో మర్యాదగా చూస్తోంది తల్లిని.

"ఏంటే ఇది?" అంది మాధవీలత గుమ్మంలోంచి, చొక్కా చేతిలో అలాగే పట్టుకుని.

"పరీక్షత్తా. శుక్రవారం మధ్యలో వదిలేసి వచ్చాను." సునీల కలం తీసింది. "పేషెంట్ పేరు చెప్పండమ్మా."

కనకరత్నం కూర్చుంది. ఈ ప్రశ్నల వరస ఆమెకి కంఠతా వచ్చు. ముందు పేరు. తర్వాత వయసు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి. ఇక్కడికి వచ్చే ముందు ఏం వాడారు. ఎవరి సలహా మీద వాడారు. ఆ చివరి ప్రశ్న దాకా పిల్లని రానిస్తే, రేపే కాదు, ఇక ఎప్పటికీ ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టదు. అది ఆపాలంటే మొదటి ప్రశ్న దగ్గరే ఆపాలి.

ఆపడం కష్టం కూడా కాదు. ల్యాబ్‌లో ఆ బొమ్మ పేరు రాజారత్నం. రెండేళ్ళుగా వందసార్లు చెప్పిన పేరు, నాలుక చివరే ఉంది. రాజారత్నమండి అనేస్తే, ఇదంతా మళ్ళీ కేసయిపోతుంది. అబద్ధమేనని పిల్లకి తెలిసినా, అబద్ధాన్ని పట్టుకుని బతకడానికి ఒక దారి ఉంటుంది.

భర్త పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. రేషను క్యూలో కార్డు ముందుకు తోసేది. బ్యాంకులో పక్కనున్న సునీల చేత చెప్పించేది. నాలుగేళ్ళ పిల్ల కౌంటరు అంచు పట్టుకుని, గొంతెత్తి నాన్న పేరు చెబితే గుమస్తాలు నవ్వేవాళ్ళు. ఆయన పోయాక మునిసిపాలిటీలో కూడా కాగితం మీద రాసి ఇచ్చింది. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన మాట.

తగ్గడానికి ఇప్పుడు ఆయుష్షు లేదు.

సునీల కలం కాగితం మీద ఆనించి ఎదురు చూస్తోంది. పక్కింట్లోంచి హసీనా ఏదో దంచుతున్న చప్పుడు వస్తోంది. ఈ పిల్ల ఇంకోసారి ఎవరి దగ్గరా, జిలానీ బాబాయి తన మొదటి పేషెంటని చెప్పి నవ్వదు. తను కూడా ఇక నవ్వనక్కర్లేదు.

"వీరబాబు," అంది కనకరత్నం.

మాధవీలత చేతిలో చొక్కా జారింది. తమ్ముడి పేరు మరదలి నోట ఆమె వినడం అదే మొదలు.

సునీల రాసుకుంది. వయసు అడగలేదు, తనే రాసుకుంది. నొప్పి ఎక్కడో, ఎప్పటి నుంచో, అడక్కుండానే రాసుకుంది. వాడిన మందు దగ్గర 'లవంగం' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ కింది గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

"సలహా ఇచ్చినవారు," అని చదివింది తలెత్తకుండా. "ఇక్కడ ఎవరి పేరు రాయమంటారండి?"